ఇల్లు ఇద్దరిదైనప్పుడు కొనుగోలు ఒక్కరిదా?

లేపాక్షి అనగానే పట్నవాసులలో చాలామందికి ఒక దుకాణం గుర్తుకు వస్తుంది. ఆంధ్రప్రదేశ్ హస్తకళల అభివృద్ధి సంస్థ తన విక్రయశాలలకు మా ఊరి పేరే పెట్టుకుంది. కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక లక్క పని, కలంకారీ గుడ్డ వంటి ఇంటి అలంకరణ సామగ్రి కావలసినవారు ‘లేపాక్షికి వెళ్ళొద్దాం’ అనుకుంటారు. ఆ పేరుగల అసలు ఊరు హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, వాన కోసం ఆకాశం వైపు చూసే అనంతపురం పీఠభూమి మీద ఉంది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా మాది అనంతపురం జిల్లాయే.

ఈ ఊళ్ళో ఇల్లు సర్దుకునేవారు తెలుసుకోదగిన ఒక కథ ఉంది. 16వ శతాబ్దంలో, విజయనగర ప్రభువు అచ్యుతరాయల కాలంలో, విరూపణ్ణ అనే అధికారి ఇక్కడి వీరభద్రాలయాన్ని కట్టించాడు. ఆ ప్రాంగణంలో కల్యాణ మంటపం ఒకటి ఉంది. స్తంభాలు లేచాయి, వాటి మీద శిల్పాలు వచ్చాయి, పైకప్పు మాత్రం పడలేదు. నేటికీ అది ఆకాశం కిందే నిలిచి ఉంది. ఎందుకు ఆగిపోయిందని అడిగితే, హిందువులైనా ముస్లిములైనా ఊరి పెద్దలు ఒకే కథ చెబుతారు. ఖజానా చూసుకునే విరూపణ్ణ రాజును అడక్కుండా రాజు సొమ్మును ఈ కట్టడానికి వెచ్చించాడట. చాడీలు చెప్పేవారు చెప్పారట, రాజు ఆగ్రహించాడట. శిక్ష పడకముందే విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడట. గోడ మీది ఎర్రని మచ్చలను ఇప్పటికీ వచ్చినవారికి చూపిస్తారు.

ఇది జనం నోట నడిచిన కథ. చరిత్రగా దీన్ని రుజువు చేయనక్కరలేదు, నీతి తీసుకుంటే చాలు. కట్టింది మంచి కట్టడమే, కట్టినవాడి ఉద్దేశమూ మంచిదే. అడగవలసినవారిని అడగలేదు, అంతే. పనీ ఆగింది, నమ్మకమూ పోయింది.

రాజ్యం సంగతి అటుంచి మన నాలుగు గోడల సంగతి చూద్దాం. మన ఇళ్ళలోకి మంచం వస్తుంది, బీరువా వస్తుంది, ఫ్రిజ్ వస్తుంది. గోడలకు రంగు పడుతుంది, కిటికీలకు పరదాలు వస్తాయి. వీటిని ఎవరు నిర్ణయించారు, ఎవరిని అడిగి నిర్ణయించారు? ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. నాకూ ఒకప్పుడు అలాగే కనిపించింది.

వేపపుల్ల చెప్పిన పాఠం

2001వ సంవత్సరం. నాకు పెళ్ళయి నాలుగేళ్ళు. ఒక చిన్న బడిలో ఉర్దూ, అరబీ చెప్పేవాణ్ణి. జీతం స్వల్పం. దానికి తోడు మా అబ్బా ఇచ్చిన రెండెకరాల చెనిక్కాయ చేను. ఆ ఏడు పంట అమ్మగా చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. అప్పుడు రమజాన్ నెల దగ్గర పడుతోంది. పండుగకు వచ్చే బంధువుల కళ్ళకు ఇల్లు నిండుగా కనబడాలన్న ఆశతో ఒక పట్నం దుకాణంలో అద్దాల షోకేసు బేరం చేశాను. రొక్కానికి 6,500 రూపాయలు. నా దగ్గర అంత లేదు కనుక ముందు 1,500 కట్టి, మిగతాది నెలకు 500 చొప్పున పన్నెండు కంతులకు ఒప్పుకున్నాను. అంటే మొత్తం 7,500. ఆ అదనపు వెయ్యి ఎందుకని నన్ను నేను అడగలేదు. ఇంట్లో నా భార్యనూ అడగలేదు. ఆమె సంతోషంతో ఆశ్చర్యపోతుందనుకున్నాను.

టెంపోలో షోకేసు దిగింది. ఇరుగుపొరుగు వచ్చి చూశారు. నా భార్య కొంగుతో అద్దాలు తుడిచి లోపల నాలుగు పింగాణీ కప్పులు పెట్టింది. ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను సంతోషం అనుకున్నాను.

ఆమె మనసులో ఉన్న వస్తువు వేరు. కొళాయి నీళ్ళు రెండు మూడు రోజులకోసారి వచ్చే ఊళ్ళో, నీళ్ళు నిలవ చేసుకోవడానికి పెరట్లో మూతగల సిమెంటు తొట్టి ఒకటి కావాలని ఆమె కోరిక. దానికి అయ్యే ఖర్చు షోకేసు ధరలో అయిదో వంతు. అది లేనందువల్ల రోజూ బిందెలతో ఎన్ని తిరుగుళ్ళు తిరిగేదో లెక్క నాకు తెలియదు, ఎందుకంటే బిందె ఎత్తింది నేను కాదు.

మరుసటి ఏడు 2002. దేశమంతటా కరువు. జూలైలో రావలసిన వాన రాలేదు. చెనిక్కాయ విత్తనం కూడా చేతికి తిరిగి రాలేదు. జీతం ఆలస్యమైన నెలల్లో రెండు కంతులు తప్పిపోయాయి. ఆ తరువాత వసూలుకు ఎవరూ రాకపోతే, దుకాణం వారు దయతలచి ఊరుకున్నారనుకున్నాను.

ఆ ఏడు డిసెంబరు మొదటివారంలో ఈదుల్ ఫిత్ర్ వచ్చింది. పండుగ ఉదయం నమాజుకు బయలుదేరుతూ నా భార్య ముఖం చూశాను. చెవులకు కమ్మలు లేవు. రంధ్రాలు పూడిపోకుండా రెండు వేపపుల్లలు పెట్టుకుంది. అవి నికాహ్ నాడు నేను మహర్‌గా ఇచ్చిన కమ్మలు. అడగ్గా అడగ్గా చెప్పింది. వసూలుకు వచ్చినవాడు గడప దగ్గర నిలబడి గట్టిగా మాట్లాడతాడేమోనని భయపడి, తన అన్న ద్వారా కమ్మలు కుదువబెట్టించి కంతులు కట్టిందట.

‘నాకెందుకు చెప్పలేదు?’ అన్నాను, కొంచెం కోపంగానే.

‘పూఛే హోతే తో బోల్తీ థీ’ అంది. అడిగి ఉంటే చెప్పేదాన్ని అని దాని అర్థం.

ఆ మాట కమ్మల గురించి మాత్రమే కాదని నాకు అర్థం కావడానికి ఆ పండుగ పూట సరిపోయింది. వడ్డీ కూడదని పిల్లలకు పాఠం చెప్పే నేను, నా భార్య సొమ్ము మీద వడ్డీ కట్టించే పరిస్థితి తెచ్చాను. కమ్మలు విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

సంప్రదింపు మర్యాద కోసం కాదు

మన ధర్మంలో సంప్రదింపునకు ఎంతటి స్థానం ఉందో పాఠకులకు తెలుసు. దివ్యఖుర్‌ఆన్‌లోని 42వ సూరా పేరే ‘అష్షూరా’, అంటే సంప్రదింపు. ఈ మాట వినగానే మనకు రాజ్యపాలన, మస్జిద్ కమిటీ గుర్తుకొస్తాయి. ఇల్లు గుర్తుకు రాదు. కాని అల్ బఖరా సూరా 233వ ఆయతులో చంటిబిడ్డకు పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయించుకోవాలన్న భావం ఉంది. పాలు మాన్పించడం ఇంటిలోపలి పని. దానికే ఇద్దరి మాట కావాలంటే, పన్నెండు నెలలు సంసారాన్ని బిగించే కంతుకు ఒక్కరి మాట ఎలా సరిపోతుంది?

హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా వద్ద సంధి కుదిరినప్పుడు, ఖుర్బానీ చేసి తలవెంట్రుకలు తీయించుకోమని చెప్పినా సహచరులు మనోవేదనతో కదలలేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) గుడారంలోకి వచ్చి తన సతీమణి ఉమ్మె సలమా (ర)తో ఆ బాధ చెప్పుకున్నారు. ముందు తమరే బయటికి వెళ్ళి, ఎవరితో మాట్లాడకుండా ఖుర్బానీ చేసి, క్షౌరం చేయించుకోండని ఆమె సలహా ఇచ్చారు. ప్రవక్త (స) అలాగే చేశారు. అది చూసి అందరూ లేచారు. అంతటి క్లిష్ట సమయంలో భార్య సలహా స్వీకరించడం ప్రవక్త సంప్రదాయమైనప్పుడు, పరదా రంగు విషయంలో ‘ఆడవాళ్ళకేం తెలుసు’ అనడం ఎవరి సంప్రదాయం?

జాబిర్ (ర) ఇంట్లో తివాచీ

ఇంటి సామగ్రి గురించి భార్యాభర్తల మధ్య జరిగిన ఒక చిన్న సంభాషణ హదీసు గ్రంథాలలో, బుఖారీలోనూ ముస్లిమ్‌లోనూ, భద్రంగా ఉంది. జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (ర) మదీనా యువకులు. ఉహుద్ యుద్ధంలో తండ్రి అమరులై, అప్పులూ చెల్లెళ్ళ బాధ్యతా ఆయన భుజాల మీద పడ్డాయి. ఆయన పెళ్ళి చేసుకున్నప్పుడు, ఇంట్లో తివాచీలు ఉన్నాయా అని ప్రవక్త (స) అడిగారు. మా వంటివారికి తివాచీలు ఎక్కడివని జాబిర్ (ర) బదులిచ్చారు. ముందు ముందు మీకు అవి లభిస్తాయని ప్రవక్త (స) చెప్పారు.

కాలం గడిచింది. తివాచీ వచ్చింది. జాబిర్ (ర) నిరాడంబరులు కనుక ఆ తివాచీని తన ముందునుంచి తీసేయమని భార్యతో అనేవారు. ఆమె ఊరుకోలేదు, గొడవపడనూ లేదు. మీకు తివాచీలు లభిస్తాయని ప్రవక్త (స) చెప్పలేదా అని గుర్తుచేసేవారు. ఆ మాటతో జాబిర్ (ర) తివాచీని అక్కడే ఉండనిచ్చేవారు.

ఈ ఉదంతంలో భర్త తన ఇష్టం చెప్పారు. భార్య తన ఇష్టానికి ఆధారం చూపించారు. ఆధారం బాగుందని భర్త ఒప్పుకున్నారు. ఎవరూ ఓడిపోలేదు. హలాల్ సంపాదనతో, ఆడంబరం లేకుండా ఇంట్లో ఒక మెత్తని తివాచీ పరుచుకుంటే తప్పు లేదన్న సంగతీ ఇందులో ఉంది. భక్తి పేరుతో ఇంటిని బోసిగా ఉంచి, ఆ బోసితనాన్ని భార్య మీద రుద్దడం కూడా సరికాదు.

మరోవైపు ఆయిషా (ర) గారి పరదా ఉదంతం ఉంది. ప్రవక్త (స) ప్రయాణంలో ఉన్నప్పుడు ఆమె ఇంట్లో బొమ్మలున్న పరదా కట్టారు. తిరిగి వచ్చిన ప్రవక్త (స) దాన్ని చూసి ఇష్టపడలేదు, తీసివేశారు. రాళ్ళకూ మట్టికీ గుడ్డలు తొడగమని అల్లాహ్ మనలను ఆదేశించలేదన్న భావం ఒక ఉల్లేఖనంలో కనిపిస్తుంది. ఆయిషా (ర) ఆ గుడ్డను పారవేయలేదు. కత్తిరించి దిండ్లు కుట్టారు. ప్రవక్త (స) దానికి అభ్యంతరం చెప్పలేదు. ఆయన వద్దన్నదాన్ని ఆమె గౌరవించారు, ఆమె తెలివితో గుడ్డను కాపాడినదాన్ని ఆయన గౌరవించారు. గోడ మీద కూడనిది దిండుగా పనికివచ్చింది. భార్యాభర్తల మధ్య ‘ఇది వద్దు’ అనే మాట వచ్చినప్పుడు దాన్ని గొడవగా కాక దిండుగా మార్చుకోవచ్చని ఇక్కడ తెలుస్తుంది.

ఎవరి సొమ్ము, ఎవరి బాధ్యత

ఇంటి ఖర్చులు భరించడం, భార్యకు తగిన నివాసం ఏర్పాటు చేయడం భర్త బాధ్యత. భార్యకు ఇచ్చిన మహర్ ఆమె సొంతం. ఆమె తానుగా సంతోషంగా ఇస్తే తప్ప భర్త దాన్ని ముట్టుకోరాదన్న భావం అన్నిసా సూరా 4వ ఆయతులో స్పష్టంగా ఉంది. ఆమె కుట్టుపని చేసి సంపాదించినా, టీచరుగా సంపాదించినా అంతే. ఈ సంగతి మనలో అందరికీ తెలుసు. షోకేసు కొనే రోజు మాత్రం గుర్తుకు రాదు.

ఇప్పుడు పరిస్థితి ఇంకా సున్నితమైంది. పొదుపు సంఘాలలో మన అక్కచెల్లెళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అప్పు ఆమె పేరు మీద వస్తుంది. ఆ డబ్బుతో భర్త టీవీయో బండియో కొంటాడు. కంతు తప్పితే సంఘంలోని మిగతా స్త్రీల ముందు తలవంచుకునేది ఆమె, ఎందుకంటే వారందరూ ఒకరికొకరు పూచీ. సంతకం ఆమెది, ఎంపిక ఆయనది, అవమానం మళ్ళీ ఆమెది. ఇది న్యాయమా?

న్యాయం రెండు వైపులా ఉండాలి. ఇంటింటికీ తిరిగి చీరలు, స్టీలు సామాన్లు వారపు కంతుల మీద ఇచ్చే వ్యాపారుల దగ్గర భర్తకు తెలియకుండా బాకీపడే సోదరీమణులూ ఉన్నారు. ఈ రోజుల్లో చేతిలోని ఫోనులోనే దుకాణం ఉంది. ఒక్క వేలు తాకితే వస్తువు గడప దగ్గరికి వస్తుంది, వాయిదాల మీద ఇస్తామన్న మాటా దానితోనే వస్తుంది. ఆ వేలు ఎవరిదైనా, రెండో మనిషికి తెలియకుండా తాకితే విరూపణ్ణ కథే.

ఇక జహేజ్. మంచం, పరుపు, బీరువా పెళ్ళికూతురు తరఫువారి మీద వేసి, ఏ కంపెనీదో కూడా చెప్పి తెప్పించుకునే దురాచారం మన సమాజంలో ఇంకా పోలేదు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అది నేరం. అలా వచ్చిన సామాను విషయంలో భార్యాభర్తల సంప్రదింపునకు చోటేలేదు. ఆ బీరువాను చూసినప్పుడల్లా ఆమెకు తన తండ్రి చేసిన అప్పు కనిపిస్తుంది. ఫాతిమా (ర) గారి వివాహంలో మహర్ అలీ (ర) గారి కవచం. కొత్త కాపురానికి ప్రవక్త (స) సమకూర్చిన వాటిలో ఒక దుప్పటి, ఒక నీటి తిత్తి, గడ్డి నింపిన దిండు ఉన్నట్లు హదీసు తెలుపుతోంది. కప్పుకోవడానికి ఒకటి, నీళ్ళకు ఒకటి, తల వాల్చడానికి ఒకటి. ఆ పట్టికలో నీటికి చోటుంది. నా 2001 పట్టికలో లేదు.

గడప దగ్గర మూడు ప్రశ్నలు

కమ్మలు విడిపించిన రోజున మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. అది నా భార్య పెట్టిందే. ఏ వస్తువు గడప దాటి లోపలికి రావాలన్నా ఇద్దరం కూర్చుని మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. దీన్ని ఎక్కడ పెడతాం? దీన్ని ఎవరు తుడుస్తారు? దీనికి ఎట్లా కడతాం?

మొదటి ప్రశ్న చాలా వస్తువులను దుకాణంలోనే ఆపేస్తుంది. మన పాత మిద్దె ఇళ్ళ గదులు చిన్నవి, తలుపులు పొట్టివి. వస్తువు తెచ్చాక తలుపు పట్టక కమ్ములు ఊడదీసిన ఇళ్ళను చూశాను. జానెమాజ్ పరిచేందుకు చోటు, దస్తర్‌ఖాన్ చుట్టూ నలుగురు కూర్చునేందుకు చోటు, వయసు మళ్ళినవారు రాత్రిపూట లేచి నడిచే దారి మిగలాలి. కొలతపట్టీతో ఇద్దరూ కలిసి గది కొలిస్తే, సగం వాదన అక్కడే తీరిపోతుంది.

రెండో ప్రశ్న మగవారికి కొత్తగా అనిపిస్తుంది. మా పీఠభూమి గాలిలో దుమ్ము ఎక్కువ. ఎండాకాలం మధ్యాహ్నం తుడిచిన అద్దం సాయంత్రానికి మళ్ళీ మసకబారుతుంది. చెక్కడాలున్న ప్రతి కుర్చీ, అంచులున్న ప్రతి పరదా ఒకరి చేతికి రోజువారీ పని. పరదా ఉతకడానికి నీళ్ళు కావాలి. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ప్రాంతంలో నీళ్ళు కూడా ఖర్చు కిందికే వస్తాయి. తుడిచే మనిషిని అడక్కుండా కొన్న వస్తువు ఆ మనిషికి బహుమతి కాదు, బరువు. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని ఆయిషా (ర) తెలిపారు. మనమూ గుడ్డ చేతబట్టి తుడిస్తే, మన ఎంపికలు వాటంతట అవే మారతాయి.

మూడో ప్రశ్నకు కాగితం, కలం కావాలి. ఉదాహరణకు 24,000 రూపాయల ఫ్రిజ్‌ను నెలకు 2,250 చొప్పున పన్నెండు నెలల వాయిదాకు ఇస్తామన్నారనుకోండి. మొత్తం 27,000. ఆ 3,000 ఎందుకు కడుతున్నామో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని చెప్పుకోవాలి. నెలకు 2,000 పక్కన పెడితే సరిగ్గా పన్నెండు నెలలకు అదే ఫ్రిజ్ రొక్కానికి వస్తుంది. వడ్డీ అంటదు. ఆ పన్నెండు నెలల్లో అది నిజంగా అవసరమో కాదో కూడా తేలుతుంది. మా ప్రాంతంలో సేద్యగాళ్ళ చేతికి డబ్బు వచ్చేది కార్తె కలిసొస్తే చెనిక్కాయ కోతల తరువాత, లేదా పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్లో అమ్మినప్పుడు. అటువంటి వారు నెలనెలా కట్టే కంతుకు ఒప్పుకోవడం, ప్రతి నెలా వాన పడుతుందని రాసివ్వడంతో సమానం.

అందం వద్దనడం లేదు

ఇల్లు అందంగా ఉండటం అల్లాహ్ అనుగ్రహమే. చేతిని మెడకు కట్టేసుకోవద్దు, పూర్తిగా చాచివేయనూ వద్దు అన్న హితవు బనీ ఇస్రాయీల్ సూరాలో ఉంది. ఈ రెంటి మధ్య దారిలో మన ప్రాంతపు అందాలు ఎన్నో ఉన్నాయి.

గోడల సంగతే తీసుకోండి. పండుగ ముందు సున్నం కొట్టించడం మన పెద్దల ఆచారం. సున్నంలో కొంచెం నీలిమందు, జిగురు కలిపి రెండుసార్లు పూస్తే గది తెల్లగా, వెలుతురుగా ఉంటుంది. మిద్దె మీద పూస్తే ఎండ వేడి కొంత తిప్పికొడుతుంది. ఖరీదైన రంగులు వేసుకోగలిగినవారు వేసుకోవచ్చు, అయితే ముదురు రంగు చిన్న గదిని ఇంకా చిన్నది చేస్తుంది. ఆ గదిలో పగలంతా గడిపే మనిషి మాటకు రంగు విషయంలో ఎక్కువ బరువు ఉండాలి.

పరదాల విషయానికి వస్తే, కృష్ణా తీరంలో పెడన, మచిలీపట్నం ప్రాంతపు అచ్చు కలంకారీ మన ఇళ్ళకు ఎంతో అనువైనది. చెక్క అచ్చులతో లతలు, పూలు, ఆకులు అద్దుతారు. కరక్కాయ, పటిక, మంజిష్ఠ, బెల్లం నీటిలో ఊరిన తుప్పు ఇనుము వాటి రంగులకు మూలం. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ గుడ్డలు పారశీక దేశానికి ఎగుమతి అయ్యేవి. ఆ దేశపు తోటల అందం ఆ లతలలో ఇప్పటికీ కనిపిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసే పురాణగాథలది, దాని పద్ధతి వేరు.

మా జిల్లాలోనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట ఆదరణ తగ్గాక అక్కడి కళాకారులు అదే మేకతోలుతో దీపాలకు తొడుగులు చేయడం నేర్చారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది. బొమ్మలు వద్దనుకునే ఇంటివారు పూలు, తీగలు వేసినవి ఎంచుకోవచ్చు. రాత్రిపూట అందులోంచి వచ్చే ఎర్రని, పచ్చని వెలుగు గదికి ఒక్కటి చాలు.

అయితే ఏది కొన్నా, కొనేముందు ఒక వారం ఆగడం మంచిది. చూసిన రోజు నచ్చిన వస్తువు వారం తరువాత కూడా ఇద్దరికీ నచ్చితే దానికి ఇంట్లో చోటు దొరికినట్లే. అత్తగారు, ఎదిగిన పిల్లలు ఉంటే వారి మాటా వినాలి. విన్నాక నిర్ణయం భార్యాభర్తలది. వారిలో ఏ ఒక్కరు ‘ఇప్పుడు వద్దు’ అన్నా ఆ మాట చెల్లాలి. ‘సరే, మీ ఇష్టం’ అనే మాట విన్నప్పుడు మాత్రం జాగ్రత్తపడాలి. చాలా ఇళ్ళలో ఆ మాటకు అర్థం అంగీకారం కాదు, అలసట.

మా నేల, మా పరదా

కొన్నేళ్ళ క్రితం మా ఇంటి నేల మళ్ళీ వేయించవలసి వచ్చింది. నాకు నిగనిగలాడే టైల్స్ మీద మనసు. నా భార్య తాడిపత్రి నల్ల బండలు కావాలంది. ఎందుకని అడిగాను. అడగడం ఈసారి మర్చిపోలేదు. ‘వేసవిలో చల్లగా ఉంటాయి. వజూ చేసుకుని తడికాళ్ళతో వచ్చే అమ్మీ జారిపడదు. పగిలితే ఒక్క బండ మార్చుకోవచ్చు’ అంది. మూడు కారణాలకూ నా దగ్గర జవాబు లేదు. బండలే వేయించాం. పరదాల వంతు వచ్చినప్పుడు, ఆమె ముదురు ఎరుపు లతలు చూసింది, నేను గది చీకటి పడుతుందన్నాను. ఆమె ఒప్పుకుని తెలుపు మీద సన్నని తీగలు ఎంచింది. పెరట్లో మూతగల తొట్టి మాత్రం ఎప్పుడో 2004లోనే కట్టించాం. ఇల్లు చూడవచ్చినవారికి దాన్నే ముందుగా చూపిస్తాను.

షోకేసు ఇంకా ఉంది. అద్దాలు రెండూ ఎప్పుడో పగిలాయి. వాటి స్థానంలో నా భార్య పాత దుప్పటి ముక్కతో చిన్న తెర కుట్టింది. లోపల పింగాణీ కప్పులు లేవు, నా కితాబులు ఉన్నాయి. దాన్ని అమ్మేద్దామని రెండుసార్లు అన్నాను. ఉండనివ్వండి, మీకు గుర్తుగా ఉంటుంది అంది.

పాఠక సోదర సోదరీమణులారా! మీ ఇంట్లోనూ ఏదో ఒక వస్తువు కొనాలన్న ఆలోచన ఈ పాటికి ఉండే ఉంటుంది. ఇవాళ ఇషా నమాజు తరువాత పిల్లలు నిద్రపోయాక, ఫోను పక్కన పెట్టి ఒకరినొకరు అడగండి. ముందు మీ మాట చెప్పకండి, ముందు అడగండి. మా ఊరి కల్యాణ మంటపానికి అయిదు వందల ఏళ్ళుగా కప్పు లేదు. మన ఇంటి కప్పు మాత్రం ఇద్దరి మాట మీద నిలుస్తుంది. అల్లాహ్ మన ఇళ్ళలో ప్రేమను, సహనాన్ని, బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.